ఎర్ర పట్టీ ఎవరికి కనబడింది?

డిటెక్టివ్ రెండు ఫొటోలనూ బల్ల మీద పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో అరచెయ్యి ఆనించి నిలబడింది. కుర్చీ చూపించారు గానీ కూర్చోలేదు. కూర్చుంటే కోపం చల్లారుతుందని ఆమెకు తెలుసు. ఈ పూట అది చల్లారడం ఆమెకు ఇష్టం లేదు.

"ఒకే కంపెనీ. ఒకే పేజీ. ఒకే బుధవారం సాయంత్రం," అంది. "ఇందులో ఎర్ర పట్టీ ఉంది, ఇందులో లేదు. రెండూ మీ ఆఫీసు నుంచి వచ్చినవే. ఏది అబద్ధమో మీరు చెబుతారా, నన్ను చెప్పించమంటారా?"

బల్లకు అవతల కూర్చున్న ఆఫీసు యజమాని పట్టీ ఉన్న ఫొటో మీద వేలు పెట్టాడు. ఆయనది వెబ్‌సైట్లకు ఫొటోలు తీసి దాచే వ్యాపారం. ఫలానా రోజున ఫలానా సైటులో ఏముందో రేపు తగాదా వస్తే చూపించడానికి, అడిగినవాళ్ళ తరఫున గంటగంటకూ పేజీల ఫొటోలు తీయిస్తాడు. మనిషి కూర్చుని తీసే పని కాదది. యంత్రాలు తమంతట తామే పేజీ తెరిచి, ఫొటో తీసి, తేదీ వేసి లోపల పెట్టేస్తాయి.

"పట్టీ ఉన్నదే నిజం మేడమ్. అది మేం ఫొటోలకోసం అద్దెకు పెట్టుకున్న బయటి సర్వీసు వాళ్ళు తీసింది."

"లేనిది?"

ఆయన చూపు గోడవారగా నిలబడ్డ ఆపరేటరమ్మాయి మీదికి పోయింది. "అది అసలు ఉండకూడనిది."

ఆపరేటరు తల దించలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి గానీ చూపు మాత్రం నిటారుగా ఉంది. డిటెక్టివ్‌కి ఆ చూపు నచ్చింది. కానీ నచ్చినంత మాత్రాన నమ్మదు ఆమె.

పోయిన గురువారం పొద్దున ఒక బస్సు డ్రైవరు స్నానాల గదిలో చచ్చిపోయాడు. గ్యాస్ గీజర్ గొట్టం గుండా బయటికి పోవలసిన విషగాలి గదిలోకే వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. గీజర్ కంపెనీ వాదన ఇది: లోపాన్ని మేమే కనిపెట్టాం, సోమవారమే మా సైటు నెత్తిన ఎర్ర పట్టీ పెట్టి 'ఈ నంబర్ల గీజర్ల వాడకం వెంటనే ఆపండి' అని రాశాం, చూసుకోకపోవడం అతని తప్పు. డ్రైవరు భార్య మాట వేరు. నిన్న సాయంత్రం ఆమె డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. "మంట సరిగా రావట్లేదని బుధవారం నేనే పోరు పెట్టానమ్మా. నా పక్కన కూర్చునే ఫోన్లో సైటు చూశాడు. ఏ పట్టీ లేదు. చూసే పోయాడు గానీ, చూడక పోలేదు. ఆ ఒక్క మాట నిలబెట్టు, చాలు."

ఆ మాట నిలబడేది ఈ రెండో ఫొటో మీదే. దాన్ని డిటెక్టివ్‌కి రహస్యంగా పంపింది ఈ ఆపరేటరే. ఆ పేజీకి ఫొటోలు తీయిస్తున్న గీజర్ కంపెనీ బీమావాళ్ళు మాత్రం అది దొంగ ఫొటో అంటున్నారు. మధ్యాహ్నం పన్నెండుకు యజమాని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. అద్దె సర్వీసు ఫొటోయే నిజమని పెడితే, మొగుడి చావుకు మొగుడే కారణమన్న కాగితం ఆ భార్య చేతికొస్తుంది. ఈ అమ్మాయి పోలీసు జీపెక్కుతుంది. గోడ గడియారంలో అప్పటికే పదకొండు దాటింది.

"సొంత యంత్రం ఉండగా అద్దె సర్వీసుకెందుకు వెళ్ళారు?" అంది డిటెక్టివ్.

"అదా!" యజమాని చేతులెత్తి దణ్ణం పెట్టాడు, ఎవరికో తెలీదు. "ఆ యంత్రంతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు మేడమ్. ఈ అమ్మాయే కట్టింది, కాదనను. కానీ నేను ఇంటి దగ్గర ఉన్న రోజే చూసుకుని ఆగిపోయేది. కొన్ని పేజీల్లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు! ఆ లిపి దాంట్లో ఎక్కించలేదట. కొన్ని పేజీలు సగం దాకా వచ్చి కింద తెల్లగా. ఒకసారైతే 'కుకీలకు ఒప్పుకుంటారా' అనే డబ్బా అడ్డమొచ్చి, ఖాతాదారుకు పేజీ బదులు దాని ఫొటో పోయింది. ఇల్లు చూపించమంటే పరదా చూపిస్తావేంటయ్యా అని ఆయన నన్ను తిట్టిన తిట్లు..."

"అద్దె సర్వీసులో ఆ గొడవ లేదు."

"లేదు. లింకు ఇస్తాం, ఫొటో వస్తుంది. యంత్రాలు వాళ్ళవి, తలనొప్పులు వాళ్ళవి."

"కళ్ళు కూడా వాళ్ళవే," అంది ఆపరేటరు మొదటిసారి నోరు తెరిచి.

"నువ్వాగమ్మాయ్! చేసిన నిర్వాకం చాలు."

డిటెక్టివ్ మనసులో అప్పటికే ఒక లెక్క ఉంది. సర్వీసువాళ్ళు డబ్బు తిని ఫొటో మార్చారు, లేదా డ్రైవరు చచ్చాక కంపెనీ పట్టీ పెట్టి వెనక తేదీ వేసింది. ఆమె ఫోన్ తీసి, ఆఫీసు వైఫై పాస్‌వర్డు అడిగి, గీజర్ కంపెనీ సైటు తెరిచింది. పట్టీ ఉంది. పేజీ నెత్తిన రక్తంలా ఎర్రగా, కింద నంబర్ల వరసతో.

నంబర్లు చూడగానే ఆమెకు అక్క గుర్తొచ్చింది. రెండు నెలల కిందట అక్క ఇదే కంపెనీ గీజర్ కొని, 'మీటలు లేవు, స్విచ్చులు లేవు, కుళాయి తిప్పితే చాలు' అని ఊరంతా చాటింది. ఆ స్నానాల గదికి ఉన్న ఒక్క కిటికీనీ బల్లులొస్తాయని అట్టముక్కతో మూసేసింది కూడా.

అక్కడికక్కడే ఫోన్ చేసింది.

"అక్కా, నీ గీజర్ మీద ఒక నంబరుంటుంది. ఆ కంపెనీ సైటు తెరువు, పైన ఎర్ర పట్టీ ఉంది. అందులో నీ నంబరుంటే దాన్ని ముట్టుకోకు."

"తలకు నూనె పెట్టుకుని కూర్చున్నానే చిట్టీ, జిడ్డు చేతులు."

"తుడుచుకుని చూడు. చూశాకే నీళ్ళు పెట్టు."

"సరేలే తల్లీ. నీ ఉద్యోగం నా దగ్గర చూపించకు," అని అక్క పెట్టేసింది.

డిటెక్టివ్ ఆపరేటరు వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు. సర్వీసు వచ్చాక సొంత యంత్రాన్ని ఆపేయమన్నారు. ఆపేశావా?"

"లేదు మేడమ్."

"ఆపేశానని సార్‌తో చెప్పావా?"

ఆపరేటరు పెదవి కొరుక్కుంది. "చెప్పాను."

"చూశారా, చూశారా!" అన్నాడు యజమాని.

"మీరుండండి. ఎందుకాపలేదు?"

"పౌరుషం," అంది ఆ అమ్మాయి సూటిగా. "రెండేళ్ళు కూర్చుని కట్టాను. లిపులన్నీ ఎక్కించాను, పేజీ మొత్తం దిగేదాకా ఆగడం నేర్పాను, అడ్డమొచ్చే డబ్బాలు మూయడం నేర్పాను. అన్నీ కుదిరాయనగా, వద్దు తీసెయ్ అన్నారు. అద్దె సర్వీసు ఏదో ఒకరోజు తప్పు చేస్తుంది, అప్పుడు సార్ ముందు నా ఫొటో పెట్టాలని... ఆపకుండా ఉంచాను. మొదట్నుంచీ తీస్తున్న పేజీలు అవే తీస్తూ పోయింది."

"అంటే తప్పు చేస్తే పట్టుకోవాలని కాచుక్కూర్చున్నావు. తప్పు దొరక్కపోతే నువ్వే తయారుచేశావని వాళ్ళంటే నేనేం చెప్పాలి?"

ఆ దెబ్బకు అమ్మాయి ముఖం నల్లబడింది. డిటెక్టివ్‌కి జాలి వేసింది. అయినా కొట్టాల్సిన చోట కొట్టకపోతే ఇత్తడేదో ఇనుమేదో తేలదు.

"నేను తయారుచెయ్యలేదు," అంది ఆపరేటరు. మాట తడబడలేదు.

"దొంగ ఎప్పుడైనా దొంగతనం చేశానంటాడా?"

ఈ మాట గుమ్మంలోంచి వచ్చింది. డిటెక్టివ్ తిరక్కుండానే ఎవరో పోల్చుకుంది. బీమా కంపెనీ పరిశోధకుడు. ఎండలు మండిపోతున్నా కోటు విప్పడు గనక వెనకాల అందరూ అతన్ని కోటు అంటారు. ఎదురుగా మాత్రం సార్ అంటారు. అతను ఆమెకు పెట్టిన పేరు మిరపకాయ. అది ఎదురుగానే అంటాడు.

"వచ్చావా మిరపకాయా? వంట మొదలుపెట్టేశావన్నమాట."

"నీకోసమే చూస్తున్నాను. వడ్డించడానికి ఎవరూ లేరని."

కోటు నవ్వుతూ ప్రమాణపత్రాన్ని యజమాని ముందు పెట్టి, పైన కలం పెట్టాడు. "ఇందులో రహస్యం ఏముంది? ఈ అమ్మాయి దొంగ అని కూడా నేననను. ఆ డొక్కు యంత్రం తొందరపడింది. పేజీ పూర్తిగా దిగకముందే ఫొటో తీసేసింది. పట్టీ రావడానికి ఒక్క క్షణం ఆలస్యం, అంతే. సగం ఉడికిన అన్నం తీసుకొచ్చి బియ్యం మంచివి కావంటే ఎలా?"

ఆ మాటలో పస ఉంది. ఆ పస ఉండటమే డిటెక్టివ్ ఒంటికి కారం రాసినట్టయింది.

"ఆ యంత్రం ఎక్కడ?" అంది.

సామాన్లు పెట్టే వెనక గదిలో ఉంది అది. విరిగిన కుర్చీలు, ఖాళీ అట్టపెట్టెల మధ్య ఒక పాత కంప్యూటరు చిన్నగా గురకపెడుతోంది. పైన దుమ్ము లేదు. పక్కన తడిగుడ్డ ఆరేసి ఉంది. రోజూ ఎవరో తుడుస్తున్నారు. తెర మీద పేజీలు మనిషి లేకుండానే ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్నాయి, కిందిదాకా జరుగుతున్నాయి, మూసుకుపోతున్నాయి.

నలుగురూ ఆ ఇరుకులో నిలబడ్డారు. కోటు ప్రమాణపత్రాన్నీ కలాన్నీ వెంట తెచ్చాడు. డిటెక్టివ్ బుధవారం ఫొటోను కిటికీ వెలుగులోకి పట్టుకుంది.

"పేజీ తెరిచినప్పుడు అన్నిటికంటే చివర వచ్చేదేది?" అని ఆపరేటర్ని అడిగింది.

"ఆ మూల డబ్బా మేడమ్. 'మీకేం సాయం కావాలి?' అని ఒక నవ్వే అమ్మాయి బొమ్మ. మిగతాదంతా వచ్చి, ఇంకొంచెం ఆగితే గానీ అది లేచి రాదు."

డిటెక్టివ్ ఫొటో కుడి కింది మూల మీద గోరు పెట్టి కోటు ముక్కు ముందుకు తోసింది. నవ్వే అమ్మాయి అక్కడ ఉంది. తల వెంట్రుక కూడా తగ్గకుండా ఉంది.

"చివర రావలసింది వచ్చి కూర్చుంది. మొదట రావలసిన పట్టీ మాత్రం దారిలో ఉందా? సగం ఉడికిన అన్నం అన్నావు. ఇదిగో, గంజి వార్చి దింపిన అన్నం!"

కోటు ఫొటో తీసుకుని చూశాడు. అతని నవ్వు ఒక మెట్టు దిగింది. "అయితే అమ్మాయి పట్టీని చెరిపేసింది. దొంగ కాదన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

"చెరిపితే ఖాళీ మిగలాలిగా? ఇక్కడ గీజర్ బొమ్మ పైకి జరిగి నేరుగా కంపెనీ పేరు కింద అతుక్కుంది. పేజీ మొత్తం పట్టీ మేరకు పొట్టిగా ఉంది. ఇది చెరిపిన పేజీ కాదు. పట్టీ లేని పేజీ."

"తెలివైనవాళ్ళు ఖాళీ కూడా మిగల్చరు. తెలివి లేదంటావా అమ్మాయికి?"

ఇంతలో డిటెక్టివ్ ఫోన్ మోగింది. అక్క.

"చూశానే చిట్టీ. ఎర్ర పట్టీ లేదు, నల్ల పట్టీ లేదు. పైన కంపెనీ పేరు, దాని కింద గీజర్ బొమ్మ. మూలన ఒక పిల్ల ఊరికే నవ్వుతూ మీకేం సాయం కావాలంటోంది. వీపు రుద్దమని చెప్పనా?"

"సరిగ్గా చూడక్కా. పైనే ఉంటుంది."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? రెండుసార్లు చూశాను."

ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతికే మనిషి అక్క. ఇవతల కోటు కలం మూత తీసి యజమాని చేతికందిస్తున్నాడు. "గడియారం చూసుకోండి సార్. ఆవిడ ఇంటి సంగతులు మాట్లాడుకుంటారు, మనం సంతకం కానిద్దాం."

"సంతకం పెట్టారంటే చెయ్యి విరుగుతుంది!" అని అరిచింది డిటెక్టివ్.

"ఎవరి చెయ్యే?" అంది ఫోన్లో అక్క. "నూనె కళ్ళలోకి కారుతోంది, నేను నీళ్ళు పెట్టేసుకుంటున్నా."

"సరే సరే," అని డిటెక్టివ్ ఫోన్ పెట్టేసింది.

యజమాని కలం పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. డిటెక్టివ్ అతన్ని దాటుకుని యంత్రం వెనక్కి వంగింది. వైరు ఎటు పోతోందో చూడటం ఆమెకు పాత అలవాటు. మనిషి అబద్ధమాడతాడు గానీ వైరు ఆడదు. కరెంటు వైరు గోడలోకి పోయింది. ఆఫీసు నెట్ రావలసిన రంధ్రం మాత్రం ఖాళీగా ఉంది. అందులో సాలెగూడు కూడా ఉంది.

"దీనికి నెట్ ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఆపరేటరు కిటికీ వైపు చూపించింది. చువ్వకు టేపుతో అంటించిన చిన్న డాంగిల్, బొటనవేలంత. అందులో సిమ్ వేసి ఉంది.

"ఇది ఆఫీసు లైను మొత్తం మింగేస్తోందని సార్ కేకలేస్తే, నా జీతంతో ఆ సిమ్ కొన్నాను మేడమ్. అప్పట్నుంచీ ఇది దాని దారినే పోతోంది."

"అంటే ఇది బయటి జనం ఎలా చూస్తారో అలా చూస్తోంది. ఫోన్లో సిమ్ వేసుకుని చూసే ఎవరిలాగైనా."

"అవును. మామూలు ఇంటి మనిషిలాగే."

డిటెక్టివ్ కోటు దగ్గరున్న బుధవారం ఫొటోను వెనక్కి తీసుకుంది. ఆమె చేతిలో పట్టీ లేని ఫొటో ఉంది. పైన కంపెనీ పేరు. దాని కింద గీజర్ బొమ్మ. మూలన నవ్వే పిల్ల. ఈ మాటలు ఆమె ఇప్పుడే విన్నది. వరస కూడా అదే.

ఆమె ఫోన్ తీసింది. ఆఫీసు వైఫై మీద సైటు ఇంకా తెరిచే ఉంది, పట్టీ ఎర్రగా ఉంది. వైఫై కట్టేసింది. సొంత సిమ్ మీద పేజీని మళ్ళీ తెరిచింది.

పట్టీ లేదు.

గీజర్ బొమ్మ పైకి జరిగి కంపెనీ పేరు కింద కూర్చుంది. కాసేపాగి మూలనుంచి పిల్ల లేచి నవ్వింది.

"నీ ఫోన్ ఇలా ఇవ్వు," అంది కోటుతో.

"ఎందుకు?"

"ఇవ్వమన్నానా!"

అతనిచ్చేదాకా ఆగలేదు. కోటు జేబులోంచి తనే లాగి అతని చేతిలో పెట్టింది. "తెరువు. ఈ ఆఫీసు వైఫై మీద చూడు. ఉందా? ఇప్పుడు కట్టేసి చూడు."

కోటు చూశాడు. మళ్ళీ కలిపాడు, మళ్ళీ కట్టేశాడు. పట్టీ వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. అతని వేలు ఆగిపోయింది.

"రెండు ఫొటోలూ నిజమే," అంది డిటెక్టివ్. మెల్లగానే అంది. ఆమె మెల్లగా మాట్లాడితేనే ఎక్కువ భయపడాలని తెలిసినవాళ్ళకు తెలుసు. "ఏదీ దొంగది కాదు. ఆ సైటే దొంగది. ఎవరొచ్చారో చూసి ముఖం మారుస్తోంది. ఎలాగమ్మా?"

ఆపరేటరు గబగబా చెప్పింది. "ఇంటికి డోర్ నంబరున్నట్టే ప్రతి నెట్ లైనుకూ ఒక నంబరుంటుంది మేడమ్. వచ్చింది ఏ నంబరో సైటుకు తెలుస్తుంది. ఈ నంబర్లకు పట్టీ చూపించు, మిగతావాళ్ళకు వద్దు అని రాసిపెట్టుకుంటే చాలు, దాని పని అది చేసుకుపోతుంది. అద్దె సర్వీసు ఎప్పుడూ అవే నాలుగైదు నంబర్ల నుంచి వస్తుంది."

"సరుకు అమ్ముడుపోవాలి గనక జనానికి పట్టీ చూపించరు. రేపు చస్తే చూపించడానికి సాక్ష్యం కావాలి గనక ఫొటో తీసేవాడికి మాత్రం చూపిస్తారు," అంది డిటెక్టివ్. "బాగుంది. చాలా బాగుంది. కానీ సర్వీసు నంబర్లంటే సరే. ఈ ఆఫీసు వైఫై నంబరు ఆ కంపెనీకి ఎలా తెలిసింది?"

యజమాని కలాన్ని రెండు చేతులతో పట్టుకుని దానివైపే చూస్తున్నాడు.

"నేనిచ్చాను," అన్నాడు చివరికి. "ఈయన అడిగితే."

డిటెక్టివ్ కోటు వైపు తిరిగింది.

"అది మామూలుగా అందరూ చేసేదే," అన్నాడు కోటు. గొంతులో వెనకటి నునుపు లేదు. "వాళ్ళ సైటుకు కాపలా సాఫ్ట్‌వేర్ ఉంది. మనిషి కాక యంత్రం వస్తే గెంటేస్తుంది. మీ ఫొటోల సర్వీసును గెంటకుండా ఉండాలంటే నంబర్లు ఇమ్మన్నారు. సర్వీసువి, ఆఫీసువి, మా బీమా ఆఫీసువి... అన్నీ కలిపి పంపాను."

"తనిఖీకి ఎవరెవరొస్తారో ముఖాలు గీసి దుకాణదారుకు పంపావు! కల్తీ సరుకు అవతల దాచుకుని, నువ్వొచ్చినప్పుడు మంచి బస్తా ముందు పెట్టాడు. నువ్వు దాన్ని మెచ్చుకుని రాశావు. ఆ రాత చూపించే కదా ఆ డ్రైవరు తప్పంటున్నావు!"

"నాకు తెలీదు, మిరపకాయా. ఒట్టు."

"తెలీకపోవడం నీ ఉద్యోగం కాదు!"

ఆ అరుపుకు యజమాని చేతిలో కలం జారి కింద పడింది. ఆయన దాన్ని తియ్యడానికి వంగలేదు. ప్రమాణపత్రాన్ని రెండుగా చించాడు. తర్వాత నాలుగుగా చించాడు. ఆపరేటరు వైపు చూసి ఏదో అనబోయి, ఏమనాలో తెలీక, "అమ్మాయ్, ఆ గుడ్డ ఆరినట్టుంది," అన్నాడు.

"ఇప్పుడే తియ్యమ్మా," అంది డిటెక్టివ్ ఆమెతో. "రెండు దారుల్లోనూ. సర్వీసు నుంచొకటి, నీ యంత్రం నుంచొకటి, ఒకే క్షణంలో. వీళ్ళిద్దరి ఎదురుగా. ఆ డ్రైవరు చూశాడు. చూసినవాడికి చూపించలేదు."

ఆపరేటరు కీబోర్డు ముందు కూర్చుంది. ఫొటోలు రెండూ తెర మీద పక్కపక్కన లేచాయి. ఒకదాని నెత్తిన పట్టీ, రెండోది బోడి. రెండిటి కిందా ఈ రోజు తేదీ.

ఈ రోజు తేదీ.

డిటెక్టివ్ కళ్ళు ఆ అంకెల మీద ఆగిపోయాయి. పట్టీ బుధవారం కనబడకపోవడం ఒక్కటే కాదు. ఇప్పటికీ కనబడటం లేదు. ఈ గది బయట ఎవరికీ కనబడటం లేదు. అక్క కళ్ళజోడు సరిగ్గానే పెట్టుకుంది. రెండుసార్లు చూసింది. చూసి చెప్పింది. తను సరే అంది.

సైటులో చూసుకోమని చెప్పింది తనే.

వెంటనే అక్క నంబరు నొక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

"ఏమైంది?" అన్నాడు కోటు.

"మా అక్క ఇంట్లో అదే గీజర్. కిటికీకి అట్ట. ఎత్తండి, ఎత్తండి, ఎవరైనా ఎత్తండి!"

"ఇల్లెక్కడ?" అని అడిగాడతను. ఆమె వీధి పేరు చెప్పేలోపే కారు తాళాలు చేతిలోకి తీసుకుని, తలుపు దగ్గరి అట్టపెట్టెల్ని కాళ్ళతో తన్నుకుంటూ గుమ్మం దాటాడు. అడ్డం పడుతోందని కోటు విప్పి అక్కడే విసిరేశాడు.

ఫోన్ ఎత్తారు. అక్క కాదు. అక్క అత్తగారు.

"ఎవరూ? చిట్టీవా? కోడలు తలస్నానానికి వెళ్ళిందమ్మా."

"పిలవండి అత్తయ్యగారూ! వెంటనే బయటికి రమ్మనండి!"

"పిలిచానమ్మా ఇందాకే. కూర అడుగంటుతోందని. పలకలేదు. నీళ్ళ చప్పుడులో వినబడలేదేమోలే అనుకున్నా."

"తలుపు కొట్టండి! గట్టిగా! సిలిండరు కట్టెయ్యండి, బయట ఉంటుంది, పక్కింటివాళ్ళను కేకెయ్యండి, తలుపు పగలగొట్టమనండి!"

చెప్పుల చప్పుడు మెల్లగా దూరమైంది. మోకాళ్ళ నొప్పుల మనిషి ఆవిడ. తలుపు మీద అరచేత్తో కొడుతున్న శబ్దం. "అమ్మాయ్... అమ్మాయ్, చిట్టి పిలుస్తోందే. తలుపు తియ్యి. అమ్మాయ్!"

ఆపరేటరు లేచి నిలబడింది. ఆమె వెనకాల తెర మీద ఎర్ర పట్టీ నిగనిగలాడుతోంది. 'వాడకం వెంటనే ఆపండి.' అది కనబడేది ఆ గదిలోవాళ్ళకే, వాళ్ళెవరి ఇంట్లోనూ ఆ గీజర్ లేదు.

"చిట్టీ," అంది ముసలావిడ గొంతు, మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చి. "పలకట్లేదమ్మా."

ఆ మాట వెనక నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వినబడుతూనే ఉంది.